పోర్చ్ వారి కోడలు

కమ్మింగ్, జార్జియా
జనవరి 6, 2025

చెవులు మొరాయించిన అక్కయ్యకి, మోకాళ్ళు మొరాయించిన తమ్ముడి నమస్కారాలు.

కొత్త హియరింగ్ ఎయిడ్ కూడా డ్రాయర్‌లోకి వెళ్ళిపోయిందని మీ రవి చెప్పాడు. పోనీలే. ఫోన్‌లో ఇద్దరం అరుచుకునే కంటే ఉత్తరాలే నయం. ఎడిసన్‌లో నీకు పొద్దుపోతుంది, ఇక్కడ నాకు పొద్దుపోతుంది.

విషయం చెబుతాను. మార్చిలో వచ్చే ఫాల్గుణ బహుళ పంచమికి మన అదితి పోయి ఏడాది. స్కూల్లో కెమిస్ట్రీ పాఠం చెబుతూ చెబుతూ బోర్డు దగ్గరే కూలిపోయిన పిల్లకి అప్పుడు ఏమీ చెయ్యలేకపోయాం. అల్లుడు డానియల్ పడుకున్న మంచం దిగలేదు, నేను అంతకంటే అన్యాయం. దహనం అయిందనిపించి ఇంటికొచ్చాం. పన్నెండో రోజున జరగాల్సింది జరగనే లేదు.

ఏడాదికైనా చేయిద్దామని శాస్త్రిగారిని అడిగాను. పెళ్ళయిన ఆడపిల్లని పుట్టింటివాళ్ళలో కలపరట. ఆమె పిండాన్ని అత్తగారితో, ఆవిడ అత్తగారితో, ఆ పై అత్తగారితో కలుపుతారట. అంతవరకూ ఆ జీవి ఎవరిలోనూ చేరకుండా బయటే నిలబడి ఉంటుందట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు అక్కయ్యా. చలికాలం కూడా వచ్చేసింది, నా కూతురు ఇంకా బయటే ఉంది.

చెయ్యాల్సింది భర్త. డానియల్ అడగ్గానే ఒప్పుకున్నాడు. తల్లి కేరల్, నాయనమ్మ ఈడిత్, తాతమ్మ మే అని ముగ్గురి పేర్లూ చెప్పాడు. శాస్త్రిగారు గోత్రం అడిగారు. పెళ్ళిలో కాశ్యప గోత్రమని చదివారని చెప్పాను. "అది గోత్రం తెలియనివాళ్ళకి చెప్పేదండీ. అల్లుడుగారి వంశానికి మూలపురుషుడెవరో, ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో కనుక్కోండి, చూద్దాం" అన్నారు. డానియల్‌ని అడిగితే "కనుక్కుని చెబుతాను, మామయ్యగారూ" అన్నాడు.

నాకు కొంచెం తెలుసులే. వాళ్ళమ్మగారి హాల్లో గోడకి ఒక డాలు బొమ్మ ఉండేది, పెళ్ళికొచ్చినప్పుడు నువ్వూ చూశావు. ఎర్ర రంగు మీద మూడు బురుజులు, కింద పెద్ద అక్షరాలతో 'పోర్చ్'. బురుజులున్నాయంటే కోట ఉండి ఉండాలి, కోట ఉందంటే రాజుల వంశమే. శాస్త్రిగారితో అలాగే చెప్పేశాను.

మిల్లులో కార్పెట్లకి రంగులు కలుపుతూ ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి, ఇప్పుడు లైబ్రరీలో ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్ల పుస్తకాలు తిరగేస్తున్నాను. నవ్వుకో, ఏం ఫరవాలేదు.

నీ తమ్ముడు,
దక్షిణామూర్తి


ఎడిసన్, న్యూజెర్సీ
జనవరి 16, 2025

ఒరేయ్ మూర్తీ,

నీ మోకాళ్ళకీ నా చెవులకీ వందేళ్ళు. ఇక్కడ మంచు గడ్డకట్టి గుమ్మం దిగనివ్వడం లేదు. ఓక్ ట్రీ రోడ్డులో కాకరకాయలు బాగున్నాయని కోడలు తెచ్చింది. వేయించుకుని తింటూ నీ ఉత్తరం చదివాను. రాజుల వంశం అన్న చోట పొలమారింది.

పోర్చ్ అంటే వసారాయే కదట్రా? ఈ దేశంలో ఇంటికో వసారా ఉంది, అందరూ రాజులేనా? రవికి చెబితే వాడు పడీ పడీ నవ్వాడు. అలాంటి డాళ్ళు మాల్స్‌లో అమ్ముతారట. ఏ పేరు చెప్పినా దానికో బొమ్మ తీసి ఫ్రేము కట్టి చేతిలో పెడతారట. వాడి ఆఫీసులో ఎవరో సరదాకి 'వేమూరి' అని చెబితే రెండు సింహాలతో ఇచ్చారు, అది మా గరాజ్‌లో పడి ఉంది. మా మామగారు బతికున్నన్నాళ్ళూ పిల్లికి కూడా భయపడేవారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని ఊరికే అన్నారా?

నవ్వుతూ రాశాను గాని నాకేమీ నవ్వు రావడం లేదు. పెళ్ళయ్యాక అదితి ఆ పోర్చ్ పేరెందుకు పెట్టుకుందో నాకిప్పటికీ మింగుడు పడదు. నా పెళ్ళిలో పీటల మీద కూర్చున్నప్పుడు చెరుకుపల్లి, భారద్వాజ గోత్రం. లేచేసరికి వేమూరి, కౌండిన్య గోత్రం. నన్నెవరు అడిగారు? ఇదేమో ఎవరూ అడక్కపోయినా పనిగట్టుకుని కోర్టుకెళ్ళి మార్పించుకుంది. దాని స్నేహితురాళ్ళు ఒక్కరైనా మార్చుకున్నారా?

అందుకే ప్రతి ఏప్రిల్‌లో దాని పుట్టినరోజు కార్డు మీద 'చి. అదితి చెరుకుపల్లి' అనే రాశాను. పద్నాలుగేళ్ళు అలాగే పంపాను. "అత్తయ్యా, నేను పోర్చ్‌ని" అని ఒక్కసారైనా అనలేదు, పిచ్చితల్లి. కార్డు అందగానే ఫోన్ చేసి, ఆ ముద్దుముద్దు తెలుగులో "థాంక్యూ అత్తయ్యా, నువ్వు బాగా ఉన్నావా" అనేది. అప్పుడు నాకు చెవులు వినపడేవి.

అక్కయ్య


కమ్మింగ్
ఫిబ్రవరి 3, 2025

ఎప్పుడూ నెగ్గే అక్కయ్యకి, ఓడిపోయిన తమ్ముడు రాసేది.

డాలు విషయం నువ్వన్నదే నిజం. లైబ్రరియన్ కూడా అదే చెప్పింది. ఆవిడే ఒక లావుపాటి పుస్తకం వెతికిచ్చింది. చూడు, సంగతి మరీ తీసిపారేసేదేమీ కాదు. ఇంగ్లండులో పాతకాలపు చర్చిలకి ముందొక వసారా ఉండేదట. ఊళ్ళో ఒప్పందాలు అక్కడే, బీదలకి రొట్టెలు పంచేది అక్కడే. పెళ్ళిమాటలు కూడా ముందు ఆ వసారాలోనే చెప్పించి, తర్వాత లోపలికి తీసుకెళ్ళేవారట. దాని పక్కన ఇల్లున్నవాళ్ళకో, దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళకో ఆ పేరు నిలిచిపోయిందని రాశారు. మనకి ఊరిని బట్టి ఇంటిపేరు, వాళ్ళకి చర్చి వాకిలిని బట్టి. నాకు నచ్చింది.

ఇంత చదివి సంతోషంగా చట్టనూగాలో అల్లుడి ఇంటికి వెళ్ళాను. డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఇదంతా డానియల్‌కి ఎలా చెప్పాలా అనే ఆలోచన. అతను స్కూల్లో పిల్లలకి బ్యాండ్ క్లాస్ చెప్పి ఇంటికొచ్చాడు. అదితి చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. నేనూ చూశాను, అతనూ చూశాడు. పప్పు వండిపెట్టాడు. అదితి నేర్పిన పప్పే, ఉప్పు మాత్రం మర్చిపోయాడు.

చర్చి వసారా సంగతి చెప్పగానే అతని ముఖం ఎర్రబడింది. "మీ వంశంలో మొదట ఆ చర్చి దగ్గర ఉన్నదెవరు?" అని అడిగాను. లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మగారి సామానంతా బేస్‌మెంట్‌లో ఉందంటే చూశాను. ఆ డాలు గోడ వైపు తిప్పి పెట్టి ఉంది.

పేరు సంగతి నువ్వు తవ్వావు కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో నేను అదితిని అడిగాను. "నాన్నా, ఈ పేరు నాకు కావాలి" అంది. అంతే. చెరుకుపల్లి అమెరికన్ల నోట తిరగక, రోల్ కాల్‌లో నవ్వులపాలై, విసిగిపోయి వదిలేసుకుందనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. మా నాన్న ఇచ్చిన పేరు నా కూతురికి బరువైంది కదా అని ఆ రోజు చాలా బాధపడ్డాను.

మూర్తి


ఎడిసన్
ఫిబ్రవరి 12, 2025

మూర్తీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ అబ్బాయి ఏదో దాస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంటిపేరు అడిగితే ముఖం ఎర్రబడటమేమిటి? వాళ్ళ పూర్వీకులు బానిసల్ని కొన్నారో, ఎవర్ని ఉరి తీశారో, ఎవరికి తెలుసు? ఆ దక్షిణాది ఊళ్ళలో ఎన్ని వినలేదు!

అతను మంచివాడే, నేను కాదనను. మీ ఆవిడ శాంతి మంచాన పడ్డప్పుడు బెడ్‌పాన్ కూడా తీశాడు. కాని మంచితనం వేరు, వంశం పేరు వేరు. పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడే ఇంట్లో మన పిల్లని ఎందుకు కలపాలి? ముక్కూ మొహం తెలియని ముగ్గురు అత్తగార్ల మధ్య అది ఏం చేస్తుందిరా? వాళ్ళకి దాని మాట కూడా అర్థం కాదు. అమ్మ పక్కన కలుపు, నాయనమ్మ పక్కన కలుపు, శాంతి పక్కన కలుపు. శాస్త్రిగారు కాదంటే ఇంకో శాస్త్రిగారు దొరుకుతారు. మన ఆడపిల్లని మన ఇంటికి తెచ్చేసుకుందాం. నువ్వు మొహమాటస్తుడివి, నోరు తెరిచి చెప్పలేవని నాకు తెలుసు. అందుకే చెప్పాల్సింది చెప్పే ఏర్పాటు నేనే చేస్తాను, నువ్వు ఊరుకో.

కోడలు పిలుస్తోంది, కళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందిట. ఇక అవి కూడా పోతే ఈ ఉత్తరాలూ ఉండవు.

అక్కయ్య


కమ్మింగ్
మార్చి 1, 2025

అక్కయ్యకి,

నువ్వన్నదే అయింది. నిన్న డానియల్ ఫోన్ చేశాడు. తను రాలేనన్నాడు. "మీ ఇంటివాళ్ళలోనే కలపండి మామయ్యగారూ, అదే న్యాయం" అన్నాడు. కారణం అడిగితే చెప్పలేదు. నేను గొంతు పెంచాను. "భర్తవై ఉండి ఆ ఒక్క పనీ చెయ్యలేవా?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

శాస్త్రిగారిని మళ్ళీ కలిశాను. అతను ఉండగా నేను చెయ్యకూడదట, పైగా పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చెయ్యడం ఏమిటని నసిగారు. బతిమాలితే సరేనన్నారు. చెరుకుపల్లి పేరు మీదే చేయిస్తాను. శాంతి పక్కన కలుపుతాను.

కోరుకున్నది ఇదే కదా అని నువ్వనుకోవచ్చు. నాకు మాత్రం సంతోషంగా లేదు. అది కావాలని వెళ్ళిన ఇంటి నుంచి, చచ్చిపోయాక చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొస్తున్నట్టుంది.

మూర్తి


ఎడిసన్
మార్చి 7, 2025

నాన్నా మూర్తీ,

ఈ ఉత్తరం అందగానే కారెక్కు. నేను ఏర్పాటు చేస్తానని రాశానే, అది ఇదే. రవి చేత డానియల్‌కి ఈమెయిల్ పంపించాను. 'మా తమ్ముడు నీతో అనలేకపోతున్నాడు. నీ వంశం సంగతి నువ్వు చెప్పవు, మాకు తెలియదు. అదితిని మా ఇంట్లో కలుపుకుంటాం, నువ్వు రావద్దు' అని. రవి వద్దమ్మా అని మొత్తుకున్నాడు. వినలేదు.

నువ్వే వద్దన్నావని అతను అనుకున్నాడు. అతనే వెనక్కి తగ్గాడని నువ్వు అనుకున్నావు. ఇద్దరి మధ్యా దూరింది నేను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, తర్వాత తిట్టు. ముందు వెళ్ళు. తిథి దగ్గర పడింది.

అక్కయ్య


కమ్మింగ్
మార్చి 21, 2025

అక్కయ్యా,

తిట్టను. తిట్టే ఓపిక లేదు, అవసరమూ లేదు. జరిగింది మొత్తం రాస్తాను, తొందరపడకుండా చదువు.

ఉత్తరం అందిన రోజే వెళ్ళాను. డానియల్ తలుపు తీసి పక్కకి జరిగాడు. నేను చెప్పేదంతా విన్నాడు. కారు తాళాలు తీసుకుని, "రూత్ ఆంటీ దగ్గరికి వెళ్దాం, నేను చెప్పలేను" అన్నాడు. రూత్ అతని మేనత్త. తొంభై దాటిన మనిషి, నర్సింగ్ హోమ్‌లో ఉంది. నీలాగే చెవులు లేవు, నీలాగే నోరుంది.

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆ డాలు వాళ్ళన్నయ్య, అంటే డానియల్ తండ్రి, మాల్‌లో కొన్నదేనట. "మా ఇంటికి మొదలు కోటా కాదు, గుర్రమూ కాదు. ఇంగ్లండులో ఒక చర్చి వసారాలో చలికాలం పొద్దున ఎవరో గోనెసంచిలో చుట్టి ఒక పసివాణ్ణి వదిలి వెళ్ళారు. తల్లి లేదు, తండ్రి లేడు, పేరు లేదు. ఎక్కడ దొరికాడో అదే పేరు పెట్టారు. వాడే మా మొదటి పోర్చ్. ఆ రోజుల్లో దొరికిన పిల్లలకి అలాగే పెట్టేవారు. ఆ పేరు విన్న ప్రతివాడికీ తెలిసిపోయేది, వీడెవరికీ అక్కర్లేనివాడని. పెద్దయ్యాక ఓడెక్కి ఈ దేశం వచ్చాడు, ఇక్కడైతే ఎవరికీ తెలియదని. మా నాన్న నా చెవిలో చెప్పాడు, నేను డానియల్ చెవిలో చెప్పాను. బయట ఎవరికీ చెప్పలేదు" అంది.

తిరిగి వస్తూ డానియల్ కారు పక్కకి ఆపాడు. పెళ్ళిలో మన ప్రవర చదివారు, గుర్తుందా? ఋషుల పేర్లు, మా తాతగారి పేరు, నాన్న పేరు, నా పేరు. అతని వంతు వచ్చేసరికి కాశ్యప గోత్రమని చెప్పి పంతులుగారు ముందుకి వెళ్ళిపోయారు. అదేమిటని అతను తర్వాత అదితిని అడిగాడట. గోత్రం తెలియనివాళ్ళకి అలా చెబుతారని ఆమె చెప్పిందట. అప్పుడు అతను ఆ పసివాడి కథ చెప్పాడు. "మీ నాన్నకి చెప్పొద్దు. వాళ్ళది ఋషుల దగ్గర మొదలైంది, మాది గోనెసంచిలో మొదలైంది" అన్నాడట.

ఆ వారమే అదితి కోర్టుకెళ్ళి పేరు మార్చుకుంది. ఎందుకని అతను అడిగితే ఏమందో తెలుసా? "ఈ ఇంటి కోడళ్ళందరూ ఆ పిల్లాడి సంగతి తెలియకుండానే వచ్చారు. నేను ఆ పిల్లాణ్ణి చూసి వస్తున్నాను. వాడి దగ్గరికి ఒక్కరైనా కావాలని రావాలి కదా" అంది.

నేను కారు డాష్‌బోర్డ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను అక్కయ్యా. మన పేరు దానికి బరువైందనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అది మన పేరుని వదిలించుకోలేదు. అక్కడ ఎవరూ లేని పిల్లాడు ఒకడున్నాడని వెళ్ళింది. భర్తకి ఇచ్చిన మాట కోసం నా దగ్గర నోరు మెదపలేదు.

పంచమి నాడు మా గరాజ్‌లోనే చేశాం. ఇంట్లో పొగొస్తే అలారం మోగి ఫైరింజన్ వస్తుందని శాస్త్రిగారి భయం. డానియల్ పంచె కట్టుకుని, కాళ్ళు మడవలేక అవస్థపడుతూ పీట మీద కూర్చున్నాడు. శాస్త్రిగారు నన్ను చూసి, "గోత్రం కనుక్కున్నారా?" అన్నారు. "కనుక్కున్నానండీ. కాశ్యపమే" అన్నాను.

డానియల్ అదితి పిండాన్ని కేరల్, ఈడిత్, మే ముగ్గురి పిండాలతో కలిపాడు. అతనికి కలపడం సరిగ్గా రాకపోతే, శాస్త్రిగారు మంత్రం ఆపి తన చేతులు కూడా వేశారు. "ఇక అమ్మాయి లోపలికి వెళ్ళిపోయిందండీ" అన్నారు నెమ్మదిగా. నేను గరాజ్ తలుపు వైపు చూశాను. ఏం చూడాలనుకున్నానో నాకే తెలియదు.

చివర్లో తర్పణాలయ్యాక ఇంకోసారి నీళ్ళు వదలడం ఉంటుంది. తల్లి లేనివాళ్ళకి, తండ్రి లేనివాళ్ళకి, చుట్టాలు లేనివాళ్ళకి, నీళ్ళిచ్చే దిక్కు లేనివాళ్ళందరికీ అని. చిన్నప్పటి నుంచీ నాన్న పక్కన కూర్చుని వింటున్న మంత్రమే. ఎప్పుడూ అర్థం పట్టించుకోలేదు. శాస్త్రిగారు ఇంగ్లీషులో అర్థం చెప్పగానే డానియల్ చెయ్యి ఆగిపోయింది. "దీనికి పేరు చెప్పాలా?" అన్నాడు. "అక్కర్లేదు, పేరు లేనివాళ్ళ కోసమే ఇది" అన్నారాయన. బొటనవేలి పక్కనుంచి నువ్వుల నీళ్ళు వదిలాడు. ఆపలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా వదులుతూనే ఉన్నాడు. ఆ పసివాడికి ఎవరైనా నీళ్ళివ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

పిండాలు లేనియర్ సరస్సులో కలిపి వచ్చాం. రాత్రికి ఇక్కడే ఉన్నాడు. వాళ్ళకి పిల్లల్లేరు కదా, ఆ పేరు ఇక అతనితోనే సరి. ఆ మాట అతనే అన్నాడు, నేను కాదు.

నీ తమ్ముడు,
మూర్తి


ఎడిసన్
ఏప్రిల్ 9, 2025

మూర్తీ,

ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, క్షమించు. డానియల్‌కి నేనే స్వయంగా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాను. రవిని దిద్దనివ్వలేదు, తప్పులతోనే పంపాను. అతను ఫోన్ చేశాడు. నాకు వినపడదు కదా, స్పీకర్ పెట్టి ఊరికే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ఇంత చదివినవాడివి, ఒక సంగతి నీకు తట్టలేదా? కశ్యప మహర్షి ఇల్లాలి పేరేమిటి? అదితి. బారసాల నాడు మేనత్తనని ఆ పేరు పెట్టింది నేను. ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది. అన్నీ తెలిసినట్టు నేను దాన్ని వెనక్కి తెద్దామనుకున్నాను.

వచ్చే వారం దాని పుట్టినరోజు. నిన్న కోడలితో షాపుకెళ్ళి, ఎప్పటిలాగే కార్డు కొన్నాను. వద్దనుకుంటూనే కొన్నాను. పచ్చపూలు ఉన్నది, దానికిష్టమని. ఇంటికొచ్చి కవరు మీద పేరు రాశాను. ఆ పేరు నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి, మూర్తీ. అక్షరాలు వంకర పోయాయి. రవి చూసి, ఇంకో కవరు తెస్తానన్నాడు. వద్దన్నాను.

'శ్రీమతి అదితి పోర్చ్' అని రాసి, చట్టనూగా అడ్రసుకి పోస్టు చేయించాను. డానియల్‌కి చెప్పు, ఆ కవరు అతన్నే విప్పమని.

అక్కయ్య